మద్రాసులో అచ్చయిన తెలుగు పుస్తకానికి మద్రాసులోనే ఒక కోర్సు కావాలి

పోయిన నెల ట్రిప్లికేన్ పేవ్‌మెంట్ మీద అరచేతిలో పట్టేంత శతకం ఒకటి దొరికింది. ముప్పై రూపాయలు. పై అట్ట లేదు. లోపలి పేజీలో ‘చెన్నపురి’ అని, దాని కింద ముద్రాక్షరశాల పేరు, సంవత్సరం అంకెల్లో కాకుండా ‘శుభకృతు’ అని, వెల అణా అని ఉన్నాయి. పేజీ వెనక తడిమితే అక్షరాలు వేలికి తగులుతున్నాయి, సీసం అచ్చు అంత గట్టిగా నొక్కుకుంది. చివర్లో అదే ప్రెస్సు వేసిన మిగతా పుస్తకాల జాబితా, ధరలు. ఆ ఖాళీలో ఎవరో పెన్సిల్‌తో చాకలిపద్దు రాసుకున్నారు.

శతకంలోని పద్యాలు కావాలంటే నెట్‌లో దొరుకుతాయి. అణా పెట్టి ఆ పుస్తకం కొన్నదెవరు, ఎన్ని కాపీలు వేశారు, పంచాంగం అమ్మిన కొట్లోనే ఇదీ అమ్మారా, ఇవి మాత్రం దొరకవు. ఈ ప్రశ్నలు అడగడానికి ఒక చదువు ఉంది. పుస్తక చరిత్ర, ముద్రణ సంస్కృతి అంటారు. కోల్‌కతాలో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం దీన్ని ఏళ్లుగా పట్టించుకుంటోంది. తమిళ ముద్రణ మీద చెన్నైలోనే గట్టి పరిశోధన వచ్చింది. తెలుగువైపు చూస్తే మనసు కలుక్కుమంటుంది. మా స్నేహితుడి కూతురు ఎం.ఏ. అయ్యాక పాత తెలుగు ప్రెస్సుల మీద పీహెచ్‌డీ చేస్తానంటే, ‘ఎవరైనా ఒక కవిని తీసుకోమ్మా, తొందరగా అయిపోతుంది’ అన్నారట గైడు. ఆ అమ్మాయి ఇప్పుడు బ్యాంకు పరీక్షలకు చదువుతోంది.

ఇది ఏ మారుమూల ఊళ్లోనో జరిగి ఉంటే సరిపెట్టుకునేవాణ్ణి. తెలుగు అచ్చుకు పుట్టిల్లు లాంటి ఊరు ఈ మద్రాసు. 1761లో పాండిచ్చేరిలో ఫ్రెంచివాళ్ల దగ్గర పట్టుకున్న అచ్చుయంత్రాన్ని తెచ్చి ఇక్కడ వేపేరిలో పెట్టారు. ఇంగ్లిషు అధికారి కాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణం 1816లో ఇక్కడి సెయింట్ జార్జి కోట కాలేజీ ప్రెస్సులో అచ్చయింది. బ్రౌన్ నిఘంటువు 1852లో ఇక్కడే వచ్చింది. రెండేళ్లకు వావిళ్లవారు పుస్తకాల ప్రచురణ మొదలుపెట్టారు. 1914లో ఆంధ్రపత్రిక బొంబాయి నుంచి ఇక్కడికే వచ్చింది, 1947లో చందమామ ఇక్కడే పుట్టింది. బ్రౌన్ పోగుచేసిన వ్రాతప్రతులు కూడా ఈ ఊళ్లోనే ఉన్నాయి. ముడిసరుకంతా ఇంటి ముంగిట పెట్టుకుని మనం పద్యాలకు అర్థాలు రాసుకుంటూ కూర్చున్నాం.

పుస్తకాన్ని పుస్తకంగా చూస్తే ఏం తెలుస్తుందో చెప్పడానికి పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగార కావ్యం ‘రాధికా సాంత్వనం’ ఒక్కటి చాలు. 1887లో దాన్ని అచ్చువేసిన పండితుడు కొన్ని పద్యాలు తీసేశాడు. ముద్దుపళని తన గురించి, తన వాళ్ల గురించి చెప్పుకున్న అవతారికా తీసేశాడు. గాయని బెంగళూరు నాగరత్నమ్మ వ్రాతప్రతి సంపాదించి, రెండూ పోల్చి, 1910లో వావిళ్లవారి ద్వారా పూర్తి పుస్తకం తెచ్చారు. ప్రభుత్వం నిషేధించింది. ప్రకాశం పంతులుగారు మద్రాసు రాష్ట్రానికి ప్రధానిగా (అప్పట్లో ముఖ్యమంత్రిని అలా అనేవారు) వచ్చేదాకా ఆ నిషేధం తొలగలేదు. కవయిత్రి ఒక్కరే, కావ్యం ఒక్కటే, కానీ 1887 పాఠకుడి చేతిలో ఉన్నది వేరే పుస్తకం. ఏ ప్రతి చదివి విమర్శ రాశారో చెప్పని వ్యాసాలు మనకు ఎన్ని లేవు?

పరిశోధనకు ఆధారాలు ఉండవనే మాట తరచూ వింటాను. కానీ ప్రెస్సులు, పుస్తకాల నమోదు కోసం వచ్చిన 1867 చట్టం ప్రకారం అచ్చువేసిన ప్రతి పుస్తకాన్నీ నమోదు చేయాల్సి ఉండేది. పేరు, భాష, ప్రెస్సు, పేజీలు, ఎన్నో ముద్రణ, ఎన్ని కాపీలు, వెల ఎంత, అన్నీ మూడు నెలలకోసారి ప్రభుత్వ గెజెట్‌కి ఎక్కేవి. అందరు ప్రింటర్లూ పంపి ఉండరు, నిజమే. అయినా పదేళ్ల లెక్కలు వరుసగా పెట్టుకుని చూస్తే తెలుగువాళ్లు ఏం కొన్నారో, ఏం కొనలేదో బయటపడుతుంది. ఆ చట్టం స్థానంలో కొత్తది 2024 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. పుస్తకాలను దాని పరిధిలోంచి తీసేశారు. అంటే ఉన్న పాత లెక్కలే మనకు మిగిలిన ఆస్తి.

తమిళానికి తరమణిలో రోజా ముత్తయ్య గ్రంథాలయం ఉంది. ఒక మనిషి ఇష్టంగా పోగుచేసుకున్న పుస్తకాల మీద 1994లో నిలబడిన సంస్థ అది. మనకూ అలాంటిదే కావాలని పట్టుబట్టను, దానికి డబ్బు కావాలి, ఏళ్లు పడుతుంది. రెండేళ్ల తెలుగు ఎం.ఏ.లో ఒక్క పేపరు పెట్టడానికి అంత టెన్షన్ అక్కర్లేదు. స్కాన్ చేసేటప్పుడు అట్టలు, ప్రకటనలు, ధరల పేజీ వదిలేయకూడదని నేర్పే పేపరు. గెజెట్ చదవడం, టైపు చూసి కాలం అంచనా వేయడం నేర్పాలి. విద్యార్థికి తమిళం కూడా రావాలి, ఎందుకంటే ఈ ఊరి ప్రెస్సుల కథ ఒక్క భాషలో లేదు. తెలుగు మాట్లాడుతూ తెలుగు చదవలేని పిల్లలు ఇక్కడి ఇళ్లలో పెరుగుతున్నారు కాబట్టి ఈ పని వాయిదా వేస్తే చేసేవాళ్లే ఉండరు.

జార్జిటౌన్‌లో నాకు తెలిసిన ఒక పాత కంపోజిటర్, అంటే ప్రెస్సులో అక్షరాలు పేర్చే ఆయన, ఉన్నారు, ఎనభై దాటాయి. మొన్న ఆ శతకం చూపిస్తే అద్దాలు పైకి తోసి ఒక పేజీ దగ్గర ఆగారు. ‘ఇక్కడ రావొత్తు అయిపోయిందండీ, వేరే సైజులోది తెచ్చి వేశాడు’ అన్నారు. నేను ఆ పేజీ నాలుగుసార్లు చదివాను, నాకు కనపడలేదు. క్లాసుకు వచ్చి చెబుతారా అని అడిగితే, మెట్లు ఎక్కలేను, కింద గది అయితే వస్తానన్నారు.