కిన్నెర పక్కన గిటార్: పాటను ఆపేదెవరు?

జానపద గాయకుడి పక్కన రాక్ బ్యాండ్‌ను నిలబెడితే కుర్రాళ్లు వస్తారని మన ఉత్సవ కమిటీలు కనిపెట్టేశాయి. మహబూబ్‌నగర్ అయినా నల్లగొండ అయినా వరస ఒకటే. పెద్దాయన రెండు చరణాలు అందుకుంటాడు, డ్రమ్స్ దబదబా విరుచుకుపడతాయి, ఆ తర్వాత పావుగంట గిటార్ రాజ్యం. మళ్లీ ఎక్కడ అందుకోవాలో తెలియక గాయకుడు మైకు చంకలో పెట్టుకుని చప్పట్లు కొడుతూ నిలబడతాడు. చివర్లో శాలువా కప్పేస్తారు. దీన్ని ఫ్యూజన్ అంటున్నారు.

గిటార్ వచ్చి పల్లె పాటను పాడుచేసిందని నేను వాపోవడం లేదు. హార్మోనియం కూడా ఓడెక్కి వచ్చిందే. ఇవాళ అది లేని భజన మండలి మన దగ్గర ఎక్కడుంది? నా పేచీ ఒక్కటే. పాట ఎక్కడ మలుపు తిరగాలో, ఎక్కడ ఆగాలో తేల్చేది ఎవరు?

ఈ పేచీ 1987లో అమెరికాలో పెద్ద ఎత్తునే నడిచింది. సైకెడెలిక్ రాక్‌కు (మత్తులో తేలించే రాక్ సంగీతానికి) మారుపేరైన గ్రేట్‌ఫుల్ డెడ్ బ్యాండ్, జానపదం నుంచి వచ్చిన పాటల కవి బాబ్ డిలన్ కలిసి ఆ జులైలో ఆరు స్టేడియం కచేరీలు చేశారు. ముందు బ్యాండ్ తన పాటలు వాయించుకునేది, ఆఖర్న డిలన్ వచ్చి కలిసేవాడు. చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి జోడీ దొరకదు. బ్యాండ్ గిటారిస్టు జెర్రీ గార్సియా ఒకప్పుడు బాంజో పట్టుకుని జానపదం వాయించినవాడే. డిలన్ 1965లోనే న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో ఎలక్ట్రిక్ గిటార్ పట్టి జనం చేత కేకలు వేయించుకున్నాడు.

అయినా 1989లో ఆ కచేరీల ఆల్బమ్ వస్తే విమర్శకులు చీల్చి చెండాడారు. వింటే కారణం తెలుస్తుంది. ఒక పాట పట్టుకుని ఇరవై నిమిషాలు తిరిగి తిరిగి మళ్లీ ఇంటికి రావడం గ్రేట్‌ఫుల్ డెడ్ విద్య. డిలన్‌కు ఆ తిరుగుడు అక్కర్లేదు, ఆయన మాట విరుపే రోజుకో రకంగా మారుతుంది. ఇద్దరూ కట్టుబాటు లేనివాళ్లే. కాకపోతే ఒకరి స్వేచ్ఛ వాద్యంలో ఉంది, ఇంకొకరిది గొంతులో. రిహార్సల్లో ఇంకో తమాషా. డిలన్ ఎప్పుడో పక్కన పెట్టేసిన పాత పాటలు కూడా బ్యాండ్ అడిగింది. ఆయన ఏదో వంక చెప్పి బయటపడ్డాడు. దగ్గర్లో ఓ బార్‌లో జాజ్ గాయకుడు పాడుతుంటే విని, తనకు పోయిన పద్ధతేదో దొరికినట్టయి వెనక్కి వెళ్లానని 2004 నాటి జ్ఞాపకాల పుస్తకంలో రాసుకున్నాడు. 1988 జూన్‌లో మొదలైన ఆయన పర్యటనలు దశాబ్దాలు నడిచాయి. నన్నడిగితే ఆ జోడీకి గిట్టుబాటైంది రిహార్సల్ గదిలోనే, స్టేడియంలో కాదు.

ఇక పాలమూరు సంగతి. లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద పాలమూరు జానపద వీరుడు పండుగ సాయన్న కథ పాడతారు. వెదురు, ఎండిన సొరకాయ బుర్రలతో చేసిన ఆ వాద్యం నాదం చిన్నది, కథకుడి గొంతును ఆనుకుని ఉండేంతే. కథలో పాట ఆగి మాట మొదలయ్యే చోట్లుంటాయి. జనం ‘ఊ’ కొట్టేది అక్కడే. సరిగ్గా అక్కడే రాక్ డ్రమ్మర్‌కు చెయ్యి దురద పెడుతుంది. ఆ ఖాళీ నింపాడా, కథ అక్కడికి సరి. ఓ సినిమా పాట మొదట్లో మొగులయ్య గొంతు రాష్ట్రమంతా విన్నది, 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన చెప్పే కథ చివరిదాకా విన్నవాళ్లు ఎందరు?

నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ తెచ్చిన బుర్రవీణకూ ఇదే చిక్కు. కీబోర్డు శ్రుతితో దానికి పని లేదు, పాడేవాడి గొంతుకు తగ్గట్టు బిగించుకుంటారు. గిటార్ తీగెలు దించుకోవడం ఐదు నిమిషాల పని. వయసు పైబడిన గొంతును పైకెక్కించడం మాత్రం హింసే.

డప్పుది మరో లెక్క. మంట మీద కాస్తేనే తోలు బిగిసి గణగణమంటుంది, చల్లగాలికి మళ్లీ మెత్తబడుతుంది. బ్యాండ్ సౌండ్ చెక్ గంట సాగిందంటే కాచి తెచ్చిన డప్పు కాస్తా దిగిపోతుంది. వేదిక వెనక మంట వేసుకుందామంటే షామియానా వాడు ఊరుకోడు. అప్పుడు సౌండ్ వాళ్లనేమాట, ‘అన్నా, నీ డప్పు సరిగ్గా పలకట్లేదే!’

మన దగ్గర బ్యాండ్, కళాకారుడు తొలిసారి ముఖాలు చూసుకునేది చాలాసార్లు కార్యక్రమం నాటి సాయంత్రమే. లైట్లకూ ఎల్‌ఈడీ తెరకూ పద్దు ఉంటుంది, రిహార్సల్‌కు ఉండదు. కనీసం మూడు రోజులు బ్యాండే లింగాలకో దామరగిద్దకో వెళ్లి కూర్చోవాలి. ఎక్కడ ఊరుకోవాలో డ్రమ్మర్‌కు ఆ అరుగు మీదే తెలుస్తుంది. ఆ మూడు రోజులకూ కళాకారుడికీ వంతపాటగాళ్లకూ రోజు లెక్కన డబ్బు ముట్టజెప్పాలి, కూలి పని మానుకుని వచ్చేవాళ్లు వాళ్లలో ఉంటారు. పోస్టర్ మీద ఎవరి పేరు పెద్దగా వేయాలన్న పంచాయితీ తర్వాత పెట్టుకోవచ్చు.