రైతుబిడ్డ అంటే కొడుకేనా?

2023 డిసెంబరులో 'రైతుబిడ్డ'నంటూ వచ్చిన పల్లవి ప్రశాంత్ బిగ్‌బాస్ ఏడో సీజన్ గెలిచిన రాత్రి అన్నపూర్ణ స్టూడియోస్ బయట అభిమానులు బస్సుల, కార్ల అద్దాలు పగలగొట్టిందీ, ఆ తర్వాత కేసులైందీ అందరికీ తెలుసు. తప్పంతా అభిమానులదేనని తిట్టి ఊరుకున్నాం. కానీ ఆ ఆవేశాన్ని పదిహేను వారాల పాటు రాజేసింది ఎడిటింగ్ టేబుల్.

లెక్క చూడండి. ఇంట్లో 24 గంటలూ కెమెరాలు నడుస్తాయి, మనకు చేరేది సుమారు గంట. పదిహేను మంది ఉంటే తలా నాలుగు నిమిషాలు. అందులో మనిషి పట్టడు, ముద్ర మాత్రమే పడుతుంది. పల్లె కుర్రాడైతే తొలిరోజు పరిచయ వీడియోలోనే పొలం గట్టు, మట్టి చేతులు, అమ్మ కన్నీళ్లు. సోమవారం, ఎవరిని ఇంటి నుంచి పంపాలో చెప్పే నామినేషన్లలో ఎదురెదురుగా నిలబెట్టి కారణాలు చెప్పమంటారు. గొంతు పెంచినవాడి ముక్క ప్రోమోకెక్కుతుంది, నిదానంగా బదులిచ్చినవాడు కోతలో పోతాడు. వారాంతంలో హోస్ట్ అదే క్లిప్ మళ్లీ వేయిస్తారు. ఒకే అరుపును మూడుసార్లు వింటాం. ఇక మగతనమంటే అరుపేనని ప్రేక్షకుడు అనుకోక ఏమనుకుంటాడు?

యాసకూ ఇదే గతి. 'గట్లెట్ల అంటవన్నా' అని మామూలుగా అడిగినా, కింద దరువు వేస్తే సవాలైపోతుంది. సినిమాల్లో దశాబ్దాల పాటు రౌడీకీ హాస్యగాడికీ అంటగట్టిన తెలంగాణ యాసకు ఇక్కడ దొరికిన కొత్త వేషం కోపిష్టి.

సామాన్యుడికి తలుపు తీసింది ఈ షోనే కదా అంటారు. నిజమే, 2019లో రాహుల్ సిప్లిగంజ్ గెలుపుతో హైదరాబాద్ బస్తీ మాట ఇంటింటికీ చేరింది. కానీ లోపలికొచ్చినవాడికి ముందే కుట్టిన చొక్కా తొడుగుతున్నారు, నా అభ్యంతరం దానిమీదే.

అన్నిటికన్నా నన్ను కుదిపేసేది 'రైతుబిడ్డ' అన్న మాట. తెలంగాణ ఇళ్లలో 'ఒక కొడుకు, ఒక బిడ్డ' అంటే బిడ్డ కూతురే. టీవీ చేతిలో అదే మాట మీసం మెలేసే మగాడి బిరుదైంది. 2020లో నాలుగో సీజన్‌కు జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి గంగవ్వ వచ్చింది. పొలాల్లో కూలి చేసి బతికిన మనిషి. ఆమెను రైతు అన్నదెవరు? అవ్వ అన్నారు, ముచ్చటపడ్డారు, ఆరోగ్యం బాగోక వెళ్తుంటే కన్నీళ్లతో సాగనంపారు.

ఈ చూపు స్టూడియోలో పుట్టలేదు. నాట్లు, కలుపు, పత్తి ఏరుడు ఆడవాళ్ల చేతుల మీదే నడుస్తాయి. పట్టా పాసుపుస్తకంలో మాత్రం ఎక్కువగా మగవాళ్ల పేర్లే. 2018లో ఎకరానికి సీజన్‌కు 4,000 రూపాయలతో మొదలైన సర్కారు పెట్టుబడి సాయం రైతుబంధు ఆ పుస్తకం చూసే డబ్బిచ్చింది. కౌలుకు చేసేవాళ్లకూ కూలికి వెళ్లే ఆడవాళ్లకూ రూపాయి రాలేదు. సర్కారు లెక్కలో రైతు కానిదాన్ని టీవీ ఎందుకు రైతంటుంది?

2024లో ఎనిమిదో సీజన్‌కు గంగవ్వ వైల్డ్‌కార్డుగా, అంటే సీజన్ మధ్యలో, మళ్లీ వచ్చింది. అప్పుడూ అవ్వే.