స్టూల్ 60 గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ స్టూల్ 60 గారికి,

నమస్కరించి వ్రాయునది. నిన్న మూడుకాళ్ల తమరి మీద కూర్చుని, కింద పడ్డ పెన్ను కోసం పక్కకి వంగినంత మాత్రాన, తమరు ఆ పెన్ను పక్కనే మనిషినీ పడేశారు. ఒలికిన కాఫీ అదనం.

తమరి వంశం గొప్పదే, కాదనం. 1933లో ఫిన్లాండులో ఆల్వార్ ఆల్టో అనే ఆర్కిటెక్టు తమరిని గీశాడు. 1935లో ఇలాంటి సామాను అమ్మడానికే ఆల్టో దంపతులు మరో ఇద్దరితో కలిసి ఆర్టెక్ అనే కంపెనీ పెట్టారు. అప్పట్లో ఫిన్లాండులో ఉన్న వీపురి ఊళ్లో, ఆల్టోయే కట్టిన లైబ్రరీ ఉపన్యాస మందిరంలో తమరు వరసలు కట్టి కొలువుదీరారు. ఈ కాలు స్తంభానికి చెల్లెలని ఆల్టోయే అన్నాడట. స్తంభం ఇలా ఒరిగిపోదు కదండీ!

లెక్క చూసుకుందాం. సీటు అడ్డంగా 38 సెంటీమీటర్లు, కాళ్లు దాదాపు అంచులోనే. నడిమధ్య నుంచి కాలి దాకా 19. రెండు కాళ్లను కలిపే గీత దాకా మాత్రం సగమే, 9.5. ఒంటి బరువు ఆ గీత దాటిందా, అంతే సంగతులు. అదే నాలుగు కాళ్లయితే 13.4 దాకా చోటుంటుంది. ఆ నాలుగుకాళ్ల స్టూల్ E60 తమరి ఇంటివాడే! మూడు కాళ్లయితే గచ్చు ఎగుడుదిగుడుగా ఉన్నా కుంటరంటారు. నిజమే. కుంటరు, కూలతారు.

వీపుకి ఆసరా లేకపోవడం, పాలిపోయిన బర్చ్ కర్ర సీటు మీద తడిగ్లాసు మచ్చ పడడం, వాటి జోలికి పోం. కానీ కూర్చున్నవాడు కదలకూడదంటే ఎలాగయ్యా? దాన్ని స్టూలనరు, శిక్ష అంటారు. తొంభై ఏళ్లు దాటినా నీకు బుద్ధి రాలేదు!

ఆ కాలి వంపు చూస్తే మాత్రం కోపం నిలవదు. గట్టి కర్రను ఉన్నపళంగా వంచితే బయటి నారలు సాగి విరుగుతాయి. అందుకని కర్ర పైకొసన నార వెంబడి రంపంతో చీలికలు కోసి, జిగురు రాసిన పలచటి చెక్కపొరలు వాటిలో దూర్చి, వేడిమీద 90 డిగ్రీలు వంచారు. జిగురు ఆరేసరికి వంపు బిగుసుకుంది. పక్కనుంచి చూస్తే వంపులో సన్నగీతలు కనిపిస్తాయి, కాలు నిటారుగా దిగేచోట ఆగిపోతాయి. కింద అంతా అసలు కర్రే. చవక నకళ్లలో కాలంతా ప్లైవుడ్డు పొరలే.

స్క్రూలు మళ్లీ బిగించాం. ముందు మూడు కాళ్లకీ వదులుగా ఎక్కించి, సరిచూసుకుని, అప్పుడు గట్టిగా. కాలు ఊగితే ఆ 9.5 కూడా దక్కదు. ఇకమీదట కాలున్న వైపుకే వంగుతాం. పైనుంచి చూస్తే కాలు ఎటుందో తెలిసిచావదు కాబట్టి, ముందు సీటు కింద తడుముకుంటాం.

ఇట్లు,
తమరి మీద ఇంకా కూర్చుంటున్నవాళ్లం