అభ్యర్థిని ప్రశ్న అడిగితే పార్టీ మనిషైపోతాడా?

ఎన్నికలు దగ్గరపడితే చాలు, అనంతపురం, కడప, కర్నూలు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ చక్కర్లు కొడుతుంది. దాని సారం ఇది: పర్యావరణ సంఘాలు అభ్యర్థులను కలవడం ఎన్నికల కోడ్ ఉల్లంఘన. వినతిపత్రం ఇచ్చి ఫొటో దిగితే మద్దతిచ్చినట్టే. వీళ్లు ఎప్పుడూ అధికారంలో ఉన్నవాళ్లనే నిలదీస్తారు కాబట్టి అవతలి పార్టీ మనుషులు. వెనక విదేశీ డబ్బుంది. సీమకు కావాల్సింది నీళ్లు, ఉద్యోగాలు; పర్యావరణం కాదు. నిజంగా ఏ పార్టీకీ చెందనివాళ్లయితే ఎన్నికలు అయ్యేదాకా ఊరుకోవాలి.

అలాంటి సంఘంలో పనిచేస్తున్నవాణ్ణి నేను. ఈ మెసేజ్ నమ్మి, నిన్నటిదాకా మాతో చెరువు గట్ల మీద తిరిగిన కుర్రవాళ్లు కూడా ఎన్నికల మాట ఎత్తితే వెనకడుగు వేస్తున్నారు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు చెబుతున్నాను.

కోడ్ సంగతి ముందు చూద్దాం. ఎన్నికల ప్రవర్తనా నియమావళి పార్టీలకు, అభ్యర్థులకు, అధికారంలో ఉన్న ప్రభుత్వానికి పెట్టిన కట్టుబాటు. ఓటరు అభ్యర్థిని ప్రశ్న అడగకూడదని అందులో ఎక్కడా లేదు. అభ్యర్థి గురించి తెలుసుకునే హక్కు ఓటరుకు ఉందని సుప్రీంకోర్టు 2002లోనే తీర్పు చెప్పింది. ఈ రోజు అభ్యర్థులు నామినేషన్‌తో పాటు కేసులు, ఆస్తులు, చదువు వివరాలతో అఫిడవిట్ ఇస్తున్నారంటే ఆ తీర్పు వల్లే. ఆ కేసు వేసింది కూడా ఒక పార్టీ కాదు, ఏ పార్టీకీ చెందని ఒక పౌర సంస్థ. మేనిఫెస్టోలో పెట్టే హామీలకు కారణం చెప్పాలి, డబ్బు ఎలా తెస్తారో స్థూలంగానైనా చెప్పాలి అని ఇప్పుడు నియమావళే అంటోంది. చెప్పాల్సిన బాధ్యత వాళ్లకు ఉన్నప్పుడు అడగడం నేరం ఎలా అవుతుంది?

హద్దులు మాత్రం ఉన్నాయి, వాటిని దాటకూడదు. పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటల్లో ఎన్నికలకు సంబంధించిన సభ పెట్టకూడదు. ఎన్నికల కరపత్రం మీద అచ్చు వేసినవాళ్ల పేరు, ప్రచురించినవాళ్ల పేరు, అడ్రసు ఉండాలి. ఒక అభ్యర్థిని గెలిపించే ఉద్దేశంతో, ఆయన రాతపూర్వక అనుమతి లేకుండా సభలకో ప్రకటనలకో ఖర్చు పెడితే అది భారతీయ న్యాయ సంహిత 176వ సెక్షన్ కింద నేరం. మెసేజ్ రాసినవాళ్లు ఈ మూడింటిలో ఒక్కదాన్నైనా చెప్పి ఉంటే నలుగురికీ ఉపయోగపడేది.

ఇక ఫొటో. ఈ ఒక్క విషయాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. మన ఊళ్లలో ఫొటోకున్న బలం అందరికీ తెలుసు. వినతిపత్రం ఇద్దామని పోతాం, అభ్యర్థి ఆప్యాయంగా భుజం మీద చెయ్యి వేస్తాడు, పక్కనున్న కార్యకర్త మెడలో కండువా వేసేస్తాడు, సాయంత్రానికి 'పర్యావరణ ప్రేమికులు మా అన్న వెంటే' అని స్టేటస్‌లు వస్తాయి. కొన్ని సంఘాల పెద్దలు ఆ కండువా కోసమే పోతారన్నదీ నిజమే. మరి తేడా ఎక్కడ తెలుస్తుంది? పని చేసే పద్ధతిలో.

మేము పాటించేది చెబుతాను. నామినేషన్ల ఉపసంహరణ అయ్యాక, బరిలో మిగిలిన ప్రతి అభ్యర్థికీ ఒకే ప్రశ్నల కాగితం, ఒకే రోజు పంపుతాం. పెద్ద పార్టీలకే అని కాదు, గెలుస్తాడని ఎవరూ అనుకోని స్వతంత్ర అభ్యర్థికి కూడా అదే కాగితం, అదే గడువు. జవాబు రాతలో కావాలంటాం. వచ్చిన జవాబును ఒక్క అక్షరం మార్చకుండా, బ్యాలెట్‌లో పేర్లుండే వరుసలోనే అచ్చు వేస్తాం. జవాబు ఇవ్వనివాళ్ల పేరు పక్కన 'జవాబు రాలేదు' అని ఉంటుంది, అంతకుమించి వ్యాఖ్య ఉండదు. మార్కులు వేయం, ఎవరికి ఓటు వేయాలో చెప్పం. అభ్యర్థి ఇంటికి పోం, ప్రచార వాహనం ఎక్కం, అందరినీ పిలిచిన వేదిక మీద తప్ప ఫొటో దిగం. ఆ వేదికకు అధికారుల అనుమతి ముందే తీసుకుంటాం. పార్టీ పదవిలో ఉన్న సభ్యులు ఎన్నికలు అయ్యేదాకా ఈ పనికి దూరంగా ఉంటారు. సభ్యుడిగా ఎవరికి ఓటేస్తారన్నది ఎవరిష్టం వాళ్లది, సంఘం పేరు మాత్రం దానికి వాడకూడదు.

ఇదేదో మేము కనిపెట్టిన పద్ధతి కాదు. అమెరికాలో పన్ను మినహాయింపు ఉన్న సేవాసంస్థలు అభ్యర్థుల తరఫున ప్రచారం చేయకూడదని 1954 నుంచి చట్టం ఉంది. అక్కడ కూడా అందరు అభ్యర్థులనూ సమానంగా పిలిచి చర్చ పెట్టడానికి, ఒకే ప్రశ్నావళి పంపడానికి అడ్డు లేదు.

'అధికారంలో ఉన్నవాళ్లనే నిలదీస్తారు' అన్న మాటకు కడప జిల్లానే జవాబు చెబుతుంది. వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం ప్లాంటుకు 2007లో శంకుస్థాపన జరిగింది, 2012లో ప్రారంభమైంది. వ్యర్థాల చెరువు వల్ల బోరునీళ్లు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల ఊళ్ల రైతులు అంటూనే ఉన్నారు. ఈ కాలంలో రాష్ట్రంలో కాంగ్రెస్, తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్, మళ్లీ తెలుగుదేశం కూటమి అధికారంలో ఉన్నాయి. ప్లాంటు నడిపే సంస్థ కేంద్ర ప్రభుత్వానిది, అక్కడా పార్టీలు మారాయి. రైతుల ప్రశ్న మారలేదు. ఇసుక సంగతీ అంతే. 2016లో ఉచితం అన్నారు, 2019లో ఇంకో విధానం తెచ్చారు, 2024లో మళ్లీ ఉచితం అన్నారు. పెన్నలో ఇసుక తవ్వితే పక్క పొలం బోరు ఏమవుతుందన్న దిగులు ఏ విధానంలోనూ పోలేదు. 2014లో అడిగిన ప్రశ్నను 2019లోనూ, 2024లోనూ అడిగితే, ప్రతిసారీ కుర్చీలో ఉన్నవాళ్లకు అది తమ మీద దాడిలాగే కనిపిస్తుంది. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు వాళ్లే ఆ ప్రశ్నకు చప్పట్లు కొట్టి ఉంటారు.

విదేశీ డబ్బు ఆరోపణకు ఎక్కువ చెప్పక్కర్లేదు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 ప్రకారం అభ్యర్థులు, పార్టీలు బయటి డబ్బు తీసుకోకూడదు. అనుమతి ఉన్న సంఘాలు ఏటా కేంద్ర హోంశాఖకు లెక్క చూపాలి. అనుమానం ఉన్నవాళ్లు ఫలానా సంఘం, ఫలానా డబ్బు అని ఫిర్యాదు చేయవచ్చు. మా సంఘం సభ్యుల చందాలతో నడుస్తుంది, పుస్తకం ఎవరడిగినా చూపిస్తాం.

నాకు బాగా కోపం తెప్పించేది 'సీమకు పర్యావరణం ఎన్నికల అంశం కాదు' అన్న మాట. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచాయి. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, అప్పటి కడప జిల్లాలో కింది ఊళ్లు కొట్టుకుపోయాయి, మనుషులు పోయారు. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురంలో కాలనీలు మునిగాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు మాత్రమే వాన పడే జిల్లాలో నడిఊళ్లో జనం పడవలెక్కాల్సి వచ్చిందంటే, వంకల్లో ఎవరు ఇళ్లు కట్టనిచ్చారు, డ్యామ్ గేట్ల మరమ్మతు ఎవరి పని, చెరువు కాలువలు ఎందుకు పూడాయి అన్నవి ఓటు అడగడానికి వచ్చినవాళ్లను కాక ఎవర్ని అడగాలి? 'నీళ్లు కావాలి' అని మెసేజ్ రాసినవాళ్లు కూడా అంటున్నారు. కణేకల్లు వైపు హగరి నది ఇసుక మేటలు పొలాల మీదికి వస్తున్న రైతుకు, బోరు మీద బోరు వేసి అప్పుల్లో పడిన చెనక్కాయ రైతుకు నీళ్లు వేరు, పర్యావరణం వేరు కాదు.

ఉద్యోగాలకు అడ్డం పడతామన్న భయం కూడా అనవసరం. ఓర్వకల్లు, గడివేముల వైపు సోలార్ పార్కు వచ్చింది. ఇలాంటివి కావాలా వద్దా అని మేము అభ్యర్థుల్ని అడగం. గొర్రెల మేతకు వాడుకునే భూమి కంచెలోకి పోతే ఆ కాపరులకు ఏం చూపిస్తారని అడుగుతాం. దీనికి ఏ పార్టీ అభ్యర్థి అయినా మంచి జవాబు ఇవ్వగలడు.

ఎన్నికలయ్యాక మాట్లాడండి అన్నది చివరి మాట. అయ్యాకా మాట్లాడతాం, అప్పుడు గెలుపులూ ఉంటాయి. 2024 చివర్లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం బోర్లు వేస్తారని తెలిసి చుట్టూ ఉన్న ఊళ్లు రోడ్డెక్కాయి, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. కానీ అందుకోసం ఊరి జనం పనులు మానుకుని ఎంత టెన్షన్ పడ్డారో చూడండి. అభ్యర్థి మన వీధికి నడిచివచ్చి, నిలబడి వినే రోజులు అయిదేళ్లలో ఆ కొన్నే. ఆ రోజుల్లో కాంట్రాక్టర్లు, క్వారీల వాళ్లు ఆయన దగ్గర మౌనంగా కూర్చోరు. మనం ఊరుకుంటే ఆయనకు వినిపించేది వాళ్ల మాటే.

రాతలో తీసుకున్న జవాబుకు అసలు పని ఫలితాల తర్వాతే మొదలవుతుంది. గెలిచినాయన సంతకం ఉన్న కాగితం కాపీని కలెక్టరేట్‌లో సోమవారం ఇచ్చే అర్జీకి జతచేస్తాం, ఆయన ఆఫీసుకూ ఒకటి పంపుతాం. ఓడినవాళ్ల కాగితాలు కూడా ఫైల్లోనే ఉంటాయి. వాళ్లు మళ్లీ నిలబడతారు.