హద్దురాయి గారూ, తమరు ప్రస్తుతం ఎక్కడున్నట్టు?

మహారాజశ్రీ ఎఫ్‌టీఎల్ హద్దురాయి గారికి,

హైదరాబాద్‌లో ఓ చెరువు పక్క కాలనీలో, మొదటి అంతస్తులో అద్దెకుంటున్నవాడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం, సెల్లార్‌లో కార్లు తప్ప. అక్కడ తమరు క్షేమమని తలుస్తాను. అక్కడ అంటే ఎక్కడో తెలియక ఈ ఉత్తరాన్ని మూడు చిరునామాలకు పంపుతున్నాను. ఇరిగేషన్ వాళ్ల మ్యాపులో తమరున్న చోటికి ఒకటి, రెవెన్యూ వాళ్ల నక్షాలో ఉన్న చోటికి ఒకటి, మా బిల్డర్ బ్రోచర్‌లో ఉన్న చోటికి ఒకటి. ఆ మూడోది చెరువు నడిమధ్యన పడుతోంది కాబట్టి ఆ కాపీ కాస్త ఆలస్యంగా, పడవలో వస్తుంది.

నిజానికి తమరి ఉద్యోగమంత తేలికైన ఉద్యోగం సర్కారులో ఇంకోటి లేదు. చెరువు నిండి, మత్తడి (అదే, అలుగు) మీంచి నీళ్లు దూకబోయే క్షణాన ఆ నీళ్లు ఎంతవరకు పరుచుకుని ఉంటాయో, అక్కడ నిలబడటమే పని. ఎఫ్‌టీఎల్ అన్నా, ఫుల్ ట్యాంక్ లెవెల్ అన్నా, నిండు మట్టం అన్నా అదే. ఆ గీతను కలెక్టరూ గీయడు, కార్పొరేటరూ గీయడు. మత్తడి ఎత్తు గీస్తుంది, నేల వాలు గీస్తుంది. తమరు సంతకం పెట్టక్కర్లేదు, ఫైలు కదపక్కర్లేదు, అసలు తమరే కదలక్కర్లేదు. కదలకుండా ఉండటానికే తమరిని పాతారు. అదొక్కటే తమరి వల్ల కాలేదు.

తమరి నడక మీద నాకు కొంచెం అవగాహన ఉంది. బాల్కనీలోంచి కనిపిస్తుంది కదా. రాత్రి పన్నెండు దాటాక టిప్పర్లు వస్తాయి. ఎక్కడో కూల్చిన ఇళ్ల ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు, విరిగిన వాష్ బేసిన్లు ఒడ్డున దించి, లైట్లు ఆర్పుకుని పోతాయి. వారం తర్వాత జేసీబీ వచ్చి చదును చేస్తుంది. ఇంకో వారానికి నాలుగు కడీలు పాతి, చుట్టూ తీగ లాగి, ‘ఈ స్థలం అమ్మబడదు’ అని బోర్డు పెడతారు. అమ్మబడదు అని రాసి ఉందంటే ఎవరో అప్పుడే కొన్నారని మా కాలనీలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ బోర్డు పడ్డ మర్నాడు చూస్తే తమరు దానికి అవతల, నీళ్ల వైపు నిలబడి ఉంటారు.

ఇది మోటు పద్ధతి. పెద్దవాళ్లకు ఇంకో పద్ధతి ఉంది, చప్పుడుండదు. చెరువును ముట్టుకోరు, మత్తడిని ఓ అడుగు కొడతారు. మత్తడి తగ్గితే నిండు మట్టం తగ్గుతుంది. మన చెరువులు బావుల్లా లోతుగా ఉండవు, పళ్లెంలా పరుచుకుని ఉంటాయి కాబట్టి ఎత్తులో అడుగు తగ్గితే ఒడ్డున ఎకరాలు తేలతాయి. ఆ తర్వాత సర్వేకి ఎవరొచ్చినా, ఎంత మంచి మెషీన్ పెట్టి కొలిచినా, తమరు చట్టబద్ధంగానే చెరువు లోపలికి జరుగుతారు. తప్పెవరిదీ కాదు. లెవెలే అక్కడుంది మరి!

ఇక 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు, అదే జీవో 168. అది రాసినవాళ్లకు లెక్కలు బాగా వచ్చు. పది హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువైతే తమరి నుంచి 30 మీటర్ల దాకా ఏమీ కట్టకూడదు. పది హెక్టార్ల లోపుదైతే 9 మీటర్లు వదిలితే చాలు. కాబట్టి పది హెక్టార్ల చెరువును ముందు కొంచెం, ఓ పావు హెక్టారు కొరికితే, చుట్టూ ఉన్న బఫర్ జోన్ దానంతటదే 21 మీటర్లు వెనక్కి తగ్గుతుంది. ఇంత లాభం చిట్‌ఫండ్‌లో కూడా రాదు. నాలాలదీ అదే వరస. పది మీటర్లకు మించి వెడల్పున్న నాలాకు 9 మీటర్ల బఫర్, పది మీటర్లు, ఆ లోపు ఉంటే 2 మీటర్లు. నాలాను కబ్జా చేసి సన్నం చేసినవాడికి శిక్షగా బఫర్‌లోనూ రాయితీ ఇచ్చారన్నమాట. వరద ఎక్కువొచ్చే చోట ఎక్కువ జాగా వదలాలన్న ఆలోచన మంచిదే. కాకపోతే, చిక్కిపోయిన చెరువు ఎందుకు చిక్కిపోయిందో అడిగే మెదడు ఆ టేపుకి లేదు.

మా ఓనర్ గారి సంగతి చెప్పాలి. పాపం, మంచాయన. రిటైరయ్యాక వచ్చిన డబ్బంతా పెట్టి ఈ ప్లాటు కొని, పైన రెండంతస్తులు లేపారు. తమరి మాటెత్తితే బీరువా తీసి కాగితాలు చూపిస్తారు. భూమి తొలి రికార్డు సేత్వార్ నుంచి మొదలుపెట్టి పహాణీలు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ అన్నీ ఉన్నాయి. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో తన సర్వే నంబరు లేదని ప్రింటవుట్ తీసి పెట్టుకున్నారు. ‘టైటిల్ క్లియర్ బాబూ’ అంటారు. నిజమే, టైటిల్ క్లియర్‌గానే ఉంది. అది శిఖం పట్టా. చెరువు గర్భంలోని నేల. నీళ్లు తగ్గినప్పుడు దున్ని నాలుగు గింజలు పండించుకోమని రైతులకిచ్చిన పట్టా. పండించుకోమన్నారు గానీ, నీళ్లు రానే రావని ఎవరూ మాటివ్వలేదు. చేతులు మారి మారి ఓనర్ గారి దగ్గరికొచ్చేసరికి ఆ పట్టాలోంచి చెరువు రాలిపోయి పట్టా ఒక్కటే మిగిలింది. రిజిస్ట్రేషన్ చేసినవాళ్లు స్టాంపు డ్యూటీ తీసుకున్నారు, తమరు ఎక్కడున్నారని అడగలేదు. కరెంటు వాళ్లు మీటరిచ్చారు, నల్లా కనెక్షన్ వచ్చింది, ఇంటి పన్ను నోటీసు ఠంచనుగా వస్తోంది. చెరువులో ఉన్నాడని చెప్పి ఒక్క డిపార్ట్‌మెంటూ ఆయన డబ్బు వద్దనలేదు.

2020 సంగతి తమరికి గుర్తుండాలి. ఆగస్టు 31న జీవో 131 వచ్చింది, అనుమతి లేని లేఅవుట్లను, ప్లాట్లను క్రమబద్ధీకరిస్తామని. ఎల్ఆర్ఎస్. ప్లాటుకు వెయ్యి రూపాయలు కట్టి అప్లై చేసుకోమన్నారు. మొదట పెట్టిన గడువు అక్టోబరు 15. జనమంతా ఆన్‌లైన్‌లో ఓటీపీల కోసం కొట్టుకుంటుంటే అక్టోబరు 13న వాన మొదలైంది. ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు కురిసింది. పల్లెచెరువు కట్ట తెగింది, ఆ వారాంతంలోనే గుర్రం చెరువు కట్టా తెగింది. టోలిచౌకిలో నదీమ్ కాలనీ నిండా నీళ్లు, పడవలు. ఒక చేత్తో క్రమబద్ధీకరణ అర్జీ రుసుం కట్టించుకుంటూ, ఇంకో చేత్తో ఇంటికి పదివేలు వరద సాయం పంచాల్సొచ్చింది. గడువు పొడిగించారు, ఎల్ఆర్ఎస్‌కి. చివరికి 25 లక్షలకు పైగా అర్జీలు వచ్చాయి. తమరికి లోపలున్న స్థలాలకు ఆ స్కీము వర్తించదని అందులోనే రాసి ఉంది, కానీ అర్జీ పెట్టుకోవడానికి, వెయ్యి కట్టడానికి ఏ అడ్డూ లేదు. మా ఓనర్ గారు ఆ రసీదును లామినేషన్ చేయించారు. తడవకుండా ఉంటుందని.

అదే ఏడాది నవంబరులో ఇళ్లకు ఆన్‌లైన్‌లో అనుమతులిచ్చే టీఎస్-బీపాస్ వచ్చింది. ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదు, ఎవరి చేతులూ తడపక్కర్లేదు, 600 గజాల దాకా సొంత ధ్రువీకరణతో వెంటనే అనుమతి. ఆఫీసుల చుట్టూ తిరిగినవాడిగా దీన్ని నేను మెచ్చుకుంటాను. కానీ రాయి గారూ, దీంట్లో ఒక తమాషా ఉంది. ఇరిగేషనూ రెవెన్యూ కలిసి ఏళ్ల తరబడి తేల్చలేని తమరి చిరునామాను, చెరువు హద్దుల ప్రాథమిక నోటిఫికేషన్‌కీ తుది నోటిఫికేషన్‌కీ మధ్య ఇరుక్కుపోయిన తమరి జాడను, సామాన్యుడు ఫోన్లో టిక్కు పెట్టి తేల్చేస్తున్నాడు. ‘నా స్థలం ఏ చెరువులోనూ లేదని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను.’ టిక్కు. సబ్మిట్.

సామాన్యులనే అని ఏం లాభం? మహాత్మా గాంధీ బస్ స్టేషన్ ఎక్కడుంది? మూసీ మధ్యలో. నదిలో ఉన్న దిబ్బ మీద సర్కారు వారే 1994లో కట్టారు. 2025 సెప్టెంబరు చివర్లో జంట జలాశయాల గేట్లెత్తితే మూసీ తిన్నగా వచ్చి ప్లాట్‌ఫారాలు ఎక్కింది. దసరాకి ఊళ్లకు పోదామని వచ్చినవాళ్లు సామాన్లు నెత్తిన పెట్టుకుని, తాడు పట్టుకుని బయటపడ్డారు. ఏ నిబంధన ప్రకారం చూసినా అది నది జాగా. అక్కడికి తమరి బంధువులెవరూ సర్వేకి వెళ్లినట్టు నేనెక్కడా చదవలేదు.

ఆ జలాశయాలదీ ఒక కథ. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేల మంది పోయాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు వచ్చి చూసి, వరదను ఊరి ఎగువనే ఆపాలన్నారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా పుట్టాయి. వాటిని కాపాడటానికి 1996లో జీవో 111 తెచ్చారు. చుట్టూ పది కిలోమీటర్లు, 84 గ్రామాలు, పెద్ద కట్టడాలు వద్దన్నారు. 2022లో జీవో 69 వచ్చి, ఆ ఆంక్షలు ఇక అక్కర్లేదంది. నగరానికి తాగడానికి ఇప్పుడు కృష్ణా గోదావరి నీళ్లున్నాయి కదా అన్నారు. అవి తాగడానికే కాదు, వరదను ఆపడానికీ కట్టినవన్న సంగతి జీవో రాసినవారు మరిచిపోయినా మూసీ మరిచిపోలేదు.

2024 జూలైలో చెరువుల కబ్జాలు తొలగించడానికి హైడ్రా వచ్చింది. అప్పుడు మొదటిసారి తమరి పేరు ఛానళ్లలో మార్మోగింది. ఆగస్టులో మాదాపూర్ తుమ్మిడికుంట దగ్గర ఎన్ కన్వెన్షన్ హాలు కూల్చేసరికి మా కాలనీ వాట్సాప్ గ్రూపులో చప్పట్లే చప్పట్లు. దుర్గం చెరువు ఒడ్డున బంగ్లాల గోడల మీద ఎర్ర రంగుతో ఎఫ్‌టీఎల్ అని రాశారు, చప్పట్లు. మూసీ ఒడ్డున పేదల ఇళ్ల మీద ఆర్‌బీ-ఎక్స్, అంటే నది గర్భంలో ఉన్నాయని రాశారు, చప్పట్లు కొంచెం తగ్గాయి. ఇంతలో మా వీధి చివర ఒక కుర్రాడు చేతిలో పెయింట్ డబ్బాతో కనిపించాడు. గ్రూపులో ఇరవై నిమిషాలు ఎవరూ ఏమీ రాయలేదు. పక్కింటాయన గేటుకి రంగేయడానికి వచ్చాడని తర్వాత తెలిసింది. అప్పటికే మా ఓనర్ గారికి బీపీ ట్యాబ్లెట్ అయింది.

ఆ తర్వాత, 2024 జూలైకి ముందు కట్టుకుని నివాసముంటున్న ఇళ్ల జోలికి రామని హైడ్రా వారు చెప్పారు. మనుషులుండే ఇళ్లు కదా, న్యాయమే. కాకపోతే వరదకు కూడా ఆ కటాఫ్ తేదీ తెలియజేస్తూ ఒక నోటీసు పంపి ఉంటే బాగుండేది. అంబర్‌పేట బతుకమ్మ కుంటలో 2025 ఫిబ్రవరిలో నాలుగడుగులు తవ్వగానే నీళ్లు పైకి తన్నాయి. ‘కుంటా? ఇక్కడెక్కడ కుంట?’ అని వాదించినవాళ్లుంటే వాళ్ల కాళ్ల కిందే ఉంది. పైపు పగిలి ఉంటుందిలే అన్నవాళ్లూ లేకపోలేదు. చెరువు పోయిందని మనం అనుకోవడమే గానీ అది ఖాళీ చేసి వెళ్లినట్టు తాళంచెవులు ఇచ్చిందెప్పుడు?

రాయి గారూ, మా అమ్మమ్మగారి ఊళ్లో బొడ్రాయి ఉంది. దాని పక్కన పేడకడి పడేయడానికి కూడా జనం జంకుతారు. ఆ ఊళ్లో రోడ్డు వెడల్పు చేసినప్పుడు కాంట్రాక్టరు రోడ్డునే పక్కకు తిప్పాడు గానీ రాయిని కదపలేదు. తమరూ అదే రాయి, అదే గ్రానైట్. తేడా ఏమిటంటే ఆ రాయికి పసుపు పూశారు, తమరికి ఎర్ర పెయింటు పూశారు. పసుపు చూస్తే దండం పెడతారు, పెయింటు చూస్తే స్టే తెస్తారు. అందుకని నాదొక ప్రతిపాదన. తమరు తుది నోటిఫికేషన్ కోసం ఎదురుచూడకండి, ఒక రాత్రి ఎవరికైనా కలలో కనబడండి. ‘నేను కట్టమైసమ్మ చెల్లెల్ని, నన్ను తవ్వి అవతల పారేశారు’ అని చెప్పండి. తెల్లారేసరికి పందిరి పడుతుంది, ఆషాఢానికి బోనమెక్కుతుంది, ఎమ్మెల్యే గారు వచ్చి ప్రహరీకి నిధులిస్తారు. ఆ తర్వాత తమరిని అంగుళం కదపమనండి చూద్దాం! గుడి చుట్టూ షాపులు వెలుస్తాయనుకోండి, అది వేరే ఉత్తరం.

అది కుదరకపోతే కనీసం ఈ పనులన్నా చేసిపెట్టండి. తమరి నిండు మట్టం ఎంతో మత్తడి గోడ మీదే చెక్కించుకోండి, ఫైల్లో కాదు. ప్లాటు రిజిస్టరయ్యే రోజు సబ్‌రిజిస్ట్రార్ గారి బల్ల ముందు సాక్షిగా వచ్చి నిలబడండి, ఆధార్ లేకపోయినా పర్వాలేదు. కరెంటు మీటరు బిగించేవాడి కాలికి ఒకసారి అడ్డంగా తగలండి. ఇల్లు లేవకముందు తగిలితే బొటనవేలే పోతుంది. లేచాక తగిలితే ఒకడి జీవితకాలపు సంపాదన పోతోంది, పైగా ప్లాటు చేసి అమ్మినవాడు ఈపాటికి ఇంకో చెరువు ఒడ్డున ఆఫీసు తెరిచి ఉంటాడు.

ఇవేవీ కాకపోయినా, ఈసారి కదిలేముందు మా వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టండి. కార్లు తీసి పక్క వీధిలో పెట్టుకుంటాం.

ఇట్లు,
తమరికి కొన్నాళ్లు ఇవతల, కొన్నాళ్లు అవతల కాపురముంటున్న
ఒక అద్దెదారు

తా.క.: మా ఓనర్ గారు ఇప్పుడే ఫోన్ చేశారు. వచ్చే నెల నుంచి అద్దె రెండువేలు పెంచుతున్నారట. ముందున్న ఖాళీ ప్లాటు మొన్నటి వానకు నిండిపోయి, మన ఇల్లు ‘లేక్ ఫేసింగ్’ అయిందట.