బ్యాటిల్ సిటీ ఈనాటి పిల్లలకూ పనికొస్తుంది
పాత కన్సోల్ ఆటల విలువంతా చిన్ననాటి జ్ఞాపకాల్లోనే ఉందని, ఇప్పటి పిల్లలు వాటిని ఐదు నిమిషాలు కూడా ఆడలేరని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. ఈ మాట నేను ఒప్పుకోను. జపాన్ కంపెనీ నామ్కో 1985లో నింటెండో వాళ్ల ఫ్యామికామ్ అనే కన్సోల్ కోసం తెచ్చిన బ్యాటిల్ సిటీనే తీసుకోండి. 90ల్లో క్యాసెట్ పెట్టి ఆడుకున్న టీవీ గేముల్లో మాకది ట్యాంకుల ఆట. మారియో, కాంట్రాల గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు కానీ దీని ఊసెత్తేవాళ్లు తక్కువ. ఒక్కో స్టేజీలో 20 శత్రు ట్యాంకులు, కింద ఇటుక గోడ మధ్య మనం కాపాడుకోవాల్సిన గద్ద బొమ్మ. అది పోతే ఎన్ని లైఫులున్నా ఆట ముగిసినట్టే. ఇద్దరు ఆడితేనే దీని అసలు అందం తెలుస్తుంది. పక్కవాడి గుండు తగిలితే చావం కానీ కాసేపు కదల్లేం, ఈలోపు శత్రువు గోడ పగలగొట్టేస్తాడు. కంగారులో మన గోడను మనమే పేల్చుకోవడం కూడా మామూలే! మొన్న సంక్రాంతికి మా అక్క పిల్లలిద్దరికీ ఈ ఆట పెట్టిచ్చాను. అరగంటలో ఏడేళ్ల చిన్నది "అన్నయ్యా, నువ్వు గద్ద దగ్గరే ఉండు, నేను పైకెళ్తా" అని పని పంచేసింది. నేను ఒక్క ముక్క చెప్పలేదు. ఆ తర్వాత సొంతంగా స్టేజీ కట్టుకునే కన్‌స్ట్రక్షన్ మోడ్ కనిపెట్టారు. గద్ద చుట్టూ ఉక్కు గోడలు పేర్చి, శత్రు ట్యాంకుల గుండ్లు వాటికి తగిలి ఆగిపోతుంటే పగలబడి నవ్వారు. వీళ్లకి ఏ జ్ఞాపకాలున్నాయని? భోజనానికి మూడుసార్లు పిలిస్తే గానీ లేవలేదు.