ఒక్కో మినారుకు ఎంత?

ఇస్తాంబుల్‌లో సుల్తాన్ అహ్మద్ మసీదులోకి, అదే అందరూ నీలి మసీదు అని పిలిచేదానిలోకి, వెళ్లడానికి టికెట్టు లేదు. నమాజు వేళ కాకుండా చూసుకుని, ఒళ్లు కప్పుకుని, చెప్పులు విప్పితే చాలు. గోడల మీది ఇజ్నిక్ పింగాణీ పలకలను మెడ నొప్పి పుట్టేదాకా చూడొచ్చు. అదే మసీదును హోటల్ గదిలో మంచం మీద పడుకుని కిటికీలోంచి చూడాలంటే మాత్రం అదనంగా సమర్పించుకోవాలి. దగ్గరికి వెళితే ఉచితం, దూరం నుంచి చూస్తే ఖరీదు! ఇంత గొప్ప ఆర్థిక సూత్రాన్ని ఏ విశ్వవిద్యాలయమూ ఇంకా పాఠంగా పెట్టకపోవడం విచారకరం. ఎదురుగా ఉన్న హగియా సోఫియా, అంటే ఒకప్పటి చర్చి, ఇప్పటి మసీదు, కాస్త నయం. 2024 జనవరి నుంచి అక్కడ విదేశీ పర్యాటకుల దగ్గర పై గ్యాలరీకి 25 యూరోలు తీసుకుంటున్నారు. పోనీలే, లోపలికైనా రానిస్తారు.

1609లో నీలి మసీదు పని మొదలుపెట్టించిన సుల్తాన్ మొదటి అహ్మద్ ఆరు మినార్లు కావాలన్నాడు. అన్నెందుకని అప్పట్లో గొణిగినవాళ్లు ఉన్నారట. వాళ్లకు ముందుచూపు లేదు. ఆరు మినార్లంటే ఆరు రకాల గదులు. ఒక మినారు కనిపించే గది, రెండు కనిపించే గది, ఇలా పైకి పోతూ ఆరూ కనిపించే డాబా మీద టిఫిన్ దాకా. వీటన్నిటికంటే కింద ‘పార్షియల్ వ్యూ’ అనే మధ్యతరగతి తరగతి ఒకటుంది. బాల్కనీ కమ్మీ గట్టిగా పట్టుకుని, నడుమును ఎడమకు వంచి, పక్కింటి డిష్ యాంటెన్నాకూ ఆరేసిన దుప్పటికీ మధ్య సందులోకి చూస్తే, సగం మినారు దర్శనమిస్తుంది. దుప్పటి ఎప్పుడు తీస్తారో ఆ ఇంటావిడను అడగాలి, హోటల్ బాధ్యత లేదు. 2023 ఏప్రిల్ వరకు ఏళ్ల తరబడి మసీదుకు మరమ్మతులు జరిగాయి. ఆ కాలంలో ‘వ్యూ’ కొనుక్కున్నవాళ్లు ఇనుప గొట్టాలను, పరదాలను కూడా చారిత్రక కట్టడాల్లో కలిపి లెక్క వేసుకోవాల్సి వచ్చి ఉంటుంది.

ఇక దూరం సంగతి. ‘మసీదుకు 5 నిమిషాలు’ అని రాస్తారు. ఎవరికి 5 నిమిషాలు? ఆ ఊళ్లో సీగల్ పక్షులు చాలా ఉన్నాయి, వాటికి అయ్యుండొచ్చు. పాత నగరం కొండల మీద కట్టింది. మర్మరా సముద్రం వైపు వీధుల్లో గది తీసుకున్నవాడు రాళ్లు పరిచిన ఎగువదారిలో చక్రాల సూట్‌కేసును ఈడ్చుకుంటూ పైకి చేరేసరికి, అతనికి దేవుడి మీద నమ్మకం ఉన్నా లేకపోయినా పేరు మాత్రం తప్పకుండా తలుచుకుంటాడు. పైగా ఏ మసీదు? వేల మసీదులున్న ఆ నగరంలో ‘చారిత్రక మసీదుకు దగ్గర’ అని రాసే హోటలుకు అబద్ధం చెప్పడం చాలా కష్టం. ‘హగియా సోఫియా పక్కనే’ అన్నది కూడా నిజమే కావచ్చు. తీరా దిగాక అది చిన్న హగియా సోఫియా అని తెలుస్తుంది. అదీ బైజాంటైన్ చక్రవర్తి జస్టీనియన్ కాలపు చర్చే, తర్వాత మసీదుగా మారిందే, 537లో పూర్తయిన పెద్దదానికంటే వయసులో కాస్త ముందుదే. చరిత్ర కావాలన్నావు, ఇంకా పాతది ఇచ్చాం, ఫిర్యాదెందుకు?

నిజంగా దగ్గరే కావాలంటే ఒక మార్గముంది. మసీదుకు కొన్ని అడుగుల దూరంలో 1910ల చివర కట్టిన జైలు ఒకటి ఉండేది. కవులూ రచయితలూ అందులో బసచేశారు. 1996లో దాన్ని విలాసవంతమైన హోటల్ చేశారు. అప్పట్లో బస, భోజనం ప్రభుత్వ ఖర్చు, బయటపడటమే సమస్య. ఇప్పుడు బిల్లు కట్టగలిగితే మధ్యాహ్నానికల్లా వాళ్లే పంపించేస్తారు. ఇది పురోగతి కాదని ఎవరనగలరు?

అన్నిటికన్నా నాకు పూజ్యులు ఇంకో రకం అతిథులు. వీళ్లు గది వెతికేటప్పుడు ‘మసీదుకు అతి దగ్గర’ అన్నచోట టిక్కు పెడతారు, దానికి అదనపు డబ్బు కడతారు, వెళ్లాక ఒక్క స్టార్ ఇస్తారు. కారణం: తెల్లవారుజామున శబ్దం. జూన్‌లో అక్కడ మొదటి అజాన్ మూడున్నర ప్రాంతంలోనే వస్తుంది. పైగా నీలి మసీదు నుంచి ఒక పిలుపు, ఆగాక హగియా సోఫియా నుంచి జవాబు, మళ్లీ ఇటునుంచి. ఒకసారికి నిద్ర పట్టించుకున్నా రెండోది వదలదు. మసీదు నుంచి అజాన్ వస్తుందని ముందే చెప్పొద్దా అని వీళ్లడిగే తీరు చూస్తే, పక్కన సముద్రం ఉంటే దాన్ని కూడా రాత్రి పదికి కట్టేయమంటారేమో అనిపిస్తుంది. కావాలంటే మసీదునే కాస్త అవతలికి జరపమని అర్జీ పెట్టుకోవచ్చు. కాకపోతే అది నాలుగు వందల ఏళ్లుగా అక్కడే ఉంటోంది, ఖాళీ చేయించడం కష్టం.

ఈ మసీదులు కట్టించిన ఒట్టోమన్ పాలకులకు ఈ వ్యాపారం అస్సలు తెలియదనడానికి ఆధారాలున్నాయి. పెద్ద మసీదు కడితే దాని చుట్టూ మదరసా, ఆసుపత్రి, వంటశాల, వాటితోపాటు బాటసారులకు ‘తాభానే’ అనే విడిది కూడా కట్టేవారు. 1550లలో వాస్తుశిల్పి సినాన్ కట్టిన సులేమానియే మసీదు ప్రాంగణంలో కూడా అది ఉంది. వచ్చినవాడికి మూడు రోజులు బస, భోజనం ఉచితం. ఖర్చంతా వక్ఫ్ ఆస్తుల మీద వచ్చే ఆదాయం నుంచి. ముందస్తు బుకింగ్ లేదు, కార్డు నంబరు అడగరు, 2023 నుంచి తుర్కియేలో (అదే టర్కీలో) గది బిల్లు మీద వేస్తున్న 2 శాతం బస పన్ను లాంటిదీ లేదు. ఇంత ఘోరమైన నిర్వహణతో అవి ఎలా నడిచాయో హోటల్ మేనేజ్‌మెంట్ చదివినవాళ్లు తేల్చాలి.

ఈ కాలపు అతిథి ఒకడు అక్కడ దిగి ఉంటే మాత్రం రేటింగ్ ఇలా ఉండేది: “రెండు స్టార్లు. భోజనం పర్వాలేదు. నాలుగో రోజు ఉండనివ్వలేదు. గదిలోంచి మసీదు సరిగ్గా కనిపించదు, మరీ పక్కనే ఉంది.”